తల్లిదండ్రుల రక్తము, బిడ్డల రక్తము

ముక్కు తండ్రిది, కన్నులు తల్లివి, మొండితనము మేనమామది అని పసిబిడ్డను చూడవచ్చిన అమ్మలక్కలు పంచిపెట్టుచుండగా మనమందఱము వినియే యున్నాము. పోలిక ఎవ్వరితోను కుదరనిచో, ముత్తాత పోలిక వచ్చినదని సరిపెట్టుకొందురు. ఆ ముత్తాతను చూచినవారెవ్వరును లేకున్నను తగవు రాదు. కాని కంటికి కనబడని పోలిక యొకటి కలదు. అది ఒక చీటిమీద ఒకటి రెండక్షరములుగా ఇంటికి వచ్చును. అప్పుడు మాత్రము సరిపెట్టుకొనువారు అరుదు. ఆ యక్షరమే రక్తవర్గము. దానిని గూర్చి ఈ సంచికకు వ్రాయవలెనని మాకు తోచుటకు మా పొరపాటే కారణము. దానిని ముందుగా చెప్పికొందుము.

పదియవ తరగతివారికి అనువంశికత పాఠము మొదలిడిన దినమున, ఎవరి యింటివారి రక్తవర్గములను వారు తెలిసికొని పట్టికగా వ్రాసి తెండని చెప్పితిమి. పాఠమున కుతూహలము పుట్టించుటకు ఇది మంచి యుపాయమని తలంచితిమి. నియమములు చెప్పకముందే లెక్కలు పంపుట మా తొందరపాటు. మఱునాడు చాలమంది పట్టికలు తెచ్చిరి. మన గొలుగొండకు కొంత యెడముగా కొండదిక్కున నున్న పల్లెనుండి వచ్చు బాలిక యొకతె మాత్రము రాలేదు. మూడు దినములు రాలేదు. ఆమె తండ్రిది ‘ఏ’ వర్గము, తల్లిది ‘బీ’ వర్గము, తమ్మునిది ‘ఏ’ వర్గము, తనది ‘ఓ’ వర్గము అని తోడిబాలికవలన తెలిసినది. తక్కినది మేమే ఊహించుకొని, నాలుగవనాటి సాయంకాలము ఆ యింటికి పోయితిమి.

అరుగుమీద తండ్రి తల్లి కూర్చుండి యుండెను. పిల్ల తల్లి గుమ్మము వెనుక నిలిచి యుండెను. మేమున్నంతసేపు ఆమె ముందుగా నొక్కమాటయు పలుకలేదు. మామ్మగారు మాత్రము దాచుకొనలేదు. "ఏటి మేస్టారూ, మావోడిది ఒక రకం, కోడలిది ఇంకో రకం. ఈ రెండూ కాని రకం ఈ పిల్లకి ఎక్కణ్ణించి వచ్చింది?" అని అడిగెను. ఆ ప్రశ్నలో ఏమున్నదో అరుగుమీది వారందఱకు తెలియును. ఆ పదునైదేండ్ల బాలికకును తెలియును. శాస్త్రమును అడిగినచో ఆ ప్రశ్నకు సమాధానము కలదు. ఆనాడు ఆమెకు చెప్పినదానినే ఇచట కొంత విరివిగా వ్రాయుచున్నాము. పల్లె పేరును, కుటుంబపు గుఱుతులను చెప్పము.

మొట్టమొదట రక్తవర్గమన నేమి? 1900 వ సంవత్సరమున వియన్నా నగరమందు కార్ల్ లాండ్‌స్టైనర్ అను వైద్యశాస్త్రజ్ఞుడు తన రక్తమును, తనతో పనిచేయువారి రక్తమును తీసి, కణములను వేఱుచేసి, పైకి తేరిన పసుపురంగు సీరమును వేఱుచేసి, ఒకరి కణములను మఱియొకరి సీరముతో కలిపి చూచెను. కొన్ని జతలలో కణములు విడివిడిగానే యుండెను. కొన్నిట విఱిగిన పాలవలె గడ్డలు కట్టెను. అంతకు పూర్వము ఒకరి రక్తమును మఱియొకరికి ఎక్కించినప్పుడు కొందఱు బ్రదుకుటకును, కొందఱు గడియలలో మరణించుటకును కారణము ఇందు దొరకెను. 1901 లో ఆయన మూడు వర్గములను ప్రకటించెను. నాలుగవదియగు ‘ఏబీ’ని మఱుసటి సంవత్సరము ఆయన సహచరులు కనుగొనిరి. 1930 లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. ‘ఏ’ గుఱుతు గల కణములున్నవాని సీరములో ‘బీ’ గుఱుతును ఎదిరించు పదార్థముండును, ‘బీ’ వానిలో ‘ఏ’ను ఎదిరించునది యుండును, ‘ఓ’ వానిలో రెండును ఉండును, ‘ఏబీ’ వానిలో రెండును ఉండవు. ఎవరికి ఎవరి రక్తము ఎక్కించవలెనను సంగతి దీనినుండియే వచ్చును. అది మీ పాఠ్యపుస్తకమున నున్నది గనుక విడిచెదము.

ఇక వంశక్రమము. బఠానీ మొక్కలను పెంచి, లెక్కించి, 1866 లో తన నియమములను అచ్చొత్తించిన గ్రెగోర్ మెండెల్ ఒక క్రైస్తవ మఠమందలి సన్న్యాసి. ఆయన చెప్పినదాని సారమిది: ప్రతి లక్షణమునకు ప్రతి ప్రాణియందు రెండు మూలములుండును, ఒకటి తండ్రినుండి, ఒకటి తల్లినుండి వచ్చినది. ఆ ప్రాణి తన సంతానమునకు ఆ రెండిటిలో నేదో యొకదానిని మాత్రమే ఇచ్చును. ఈ మూలమునకే జన్యువని పేరు. రెండును కలిసి యున్నప్పుడు ఒకటి పైకి కనబడవచ్చును, రెండవది అణగి యుండవచ్చును. అణగినది నశింపదు, కలిసిపోదు, చెక్కుచెదరక తరువాతి తరమునకు పోవును. మామ్మగారు తప్పినది ఈచోటనే. తండ్రి రక్తమును తల్లి రక్తమును పాలునీళ్లవలె కలిసి బిడ్డ రక్తమగునని ఆమె తలంపు. చదువుకొన్నవారిలోను పలువురి తలంపు ఇదియే. బిడ్డకు వచ్చునది రక్తము కాదు; జన్యువులు. వాటిని చూచికొని బిడ్డ తన రక్తమును తానే చేసికొనును.

రక్తవర్గమునకు జన్యువులు మూడు విధములు: ‘ఏ’, ‘బీ’, ‘ఓ’. ఒక్కొక్కనియందు వీనిలో రెండు మాత్రమే యుండును. అవి తొమ్మిదవ క్రోమోసోముల జతమీద నున్నవి. ఎఱ్ఱకణపు పైపొరమీద చక్కెరజాతి అణువుల చిన్న గొలుసులు వ్రేలాడుచుండును. ‘ఏ’ జన్యువు ఆ గొలుసు కొసకు ఒకవిధమగు చక్కెరను తగిలించు యంత్రమును చేయించును. ‘బీ’ జన్యువు వేఱొకవిధమగు చక్కెరను తగిలించు యంత్రమును చేయించును. ‘ఓ’ జన్యువు చేయించు యంత్రము పనిచేయదు. కొస బోడిగానే యుండును. 1990 లో యమమోటోయు ఆయన సహచరులును ఈ జన్యువును అక్షరమక్షరముగా చదివి, సామాన్యముగా కనబడు ‘ఓ’ జన్యువునందు ఒక్క అక్షరము లోపించినదనియు, దానితో తరువాతి వ్రాతయంతయు తప్పిపోయినదనియు కనుగొనిరి. కావున ‘ఓ’ అనగా మూడవ రకపు గుఱుతు కాదు, గుఱుతు లేకపోవుట. ఒకనియందు ‘ఏ’యును ‘ఓ’యును ఉన్నచో, ‘ఏ’ తన పని తాను చేయును. పరీక్షించువాడు ‘ఏ’ అనియే వ్రాయును. ‘ఓ’ మాట చీటిమీదికి రాదు. రెండు ‘ఓ’లు కలిసినప్పుడు మాత్రమే అది బయటపడును.

ఈ సంగతిని నోటితో చెప్పుటకంటె చేసి చూపుట మేలని ఆ యింటిలోనే చింతపిక్కలు తెప్పించితిమి. ఒక్క చుక్క సున్నము పెట్టిన పిక్క ‘ఏ’, రెండు చుక్కలు పెట్టినది ‘బీ’, చుక్క లేనిది ‘ఓ’. తండ్రి సంచిలో ‘ఏ’ పిక్కలు పది, ‘ఓ’ పిక్కలు పది వేసితిమి. తల్లి సంచిలో ‘బీ’ పది, ‘ఓ’ పది. కన్నులు మూసికొని ఒక్కొక్క సంచినుండి ఒక్కొక్క పిక్కను తీసి జతచేసి చూచి, మరల ఎక్కడివక్కడ వేయవలెను. పిల్ల తమ్ముడు ఉత్సాహముతో తీసెను. ‘ఏ’, ‘బీ’ జతగా వచ్చినచో ‘ఏబీ’ బిడ్డ. ‘ఏ’, ‘ఓ’ వచ్చినచో ‘ఏ’ బిడ్డ. ‘ఓ’, ‘బీ’ వచ్చినచో ‘బీ’ బిడ్డ. రెండును బోడిపిక్కలే వచ్చినచో ‘ఓ’ బిడ్డ. నాలుగు విధములకును సమానావకాశమే. అనగా తలిదండ్రులిద్దఱిలోను ఓకారము అణగి యున్నచో, వారికి పుట్టు ప్రతి బిడ్డయు ‘ఓ’ అగుటకు నాలుగింట నొకపాలు అవకాశము కలదు. నలుగురు బిడ్డలున్నచో నాలుగు వర్గములును వచ్చి తీరునని దీనికి అర్థము కాదు. ప్రతి బిడ్డకును పిక్కలు క్రొత్తగా తీయబడును. తరువాత మా తరగతిలో నూఱుమాఱులు తీయించి లెక్క వ్రాయించినప్పుడును ఇరువదియైదేసి సరిగా రాలేదు. సరిగా వచ్చినదని యొకడు వ్రాసి తెచ్చెను; వాడు తీయకయే వ్రాసెనని మా యనుమానము.

"బాగుంది, కాని మావోడి సంచీలో ఆ బోడిపిక్క ఉందని ఎలా తెలిసింది?" అని మామ్మగారు అడిగెను. ఇది నిజముగా శాస్త్రీయమైన ప్రశ్న. మేము తరగతిలో అంత మంచి ప్రశ్నను ఆ సంవత్సరము వినలేదు. మామ్మగారికి కాలియెముక విఱిగినప్పుడు శస్త్రచికిత్స జరిగినదనియు, అప్పటి కాగితములు రేకుపెట్టెలో నున్నవనియు కుమారుడు చెప్పెను. తీసి చూడగా ఆమె వర్గము ‘ఓ’. ‘ఓ’ వర్గపు తల్లియొద్ద నుండునవి రెండును బోడిపిక్కలే. కుమారునికి ఆమె ఇచ్చినది బోడిపిక్కయే, వేఱొకటి ఇచ్చుటకు ఆమెయొద్ద లేదు. కుమారుని ‘ఏ’ తండ్రినుండి వచ్చినది. ఇంట లేని రక్తము ఎక్కడిదని అడిగినామెనుండియే అది రెండవ తరమున అణగి, మూడవ తరమున బయటపడినది.

మఱి కోడలి మాట? ఆమె తలిదండ్రుల వర్గములు తెలియవు. తెలియనక్కఱలేదు. ‘ఏ’ వర్గపు కుమారుడున్నాడు గదా! తల్లి ‘బీ’. ఆమెయందు రెండు ‘బీ’లున్నచో ప్రతి బిడ్డకును ‘బీ’యే ఇచ్చి యుండును, అప్పుడు ఆ పిల్లవాడు ‘బీ’యో ‘ఏబీ’యో కావలెను. వాడు ఒట్టి ‘ఏ’. కావున తల్లి వానికి ‘బీ’ ఇయ్యలేదు, ఓకారమునే ఇచ్చినది. తండ్రివర్గమే వచ్చినదని ఎవ్వరును ప్రశ్నింపని ఆ పిల్లవాని రక్తమే వాని తల్లియొద్ద ‘ఓ’ కలదని సాక్ష్యమిచ్చుచున్నది. ఈ మాట చెప్పినప్పుడు గుమ్మము వెనుకనున్న తల్లి, "మళ్లీ ఒకసారి చెప్పండి మేస్టారూ" అనెను. మరల చెప్పితిమి.

ఈ నియమములు ఇంత సులభముగా కనబడుచున్నను, శాస్త్రజ్ఞులకే వెంటనే దొరకలేదు. 1910 లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ నగరమున ఫాన్ డుంగెర్న్, హిర్ష్‌ఫెల్డ్ అనువారు కుటుంబములను పరీక్షించి రక్తవర్గము వంశక్రమముగా వచ్చునని స్థాపించిరి. అయితే ‘ఏ’కు ఒక జత, ‘బీ’కి వేఱొక జత జన్యువులుండునని వారనుకొనిరి. ఆ లెక్క ప్రకారము ‘ఏబీ’ తల్లికి ‘ఓ’ బిడ్డ సహజముగానే పుట్టవచ్చును. హిర్ష్‌ఫెల్డ్ తరువాత మొదటి ప్రపంచయుద్ధమునందు సలోనికా రంగమున వైద్యుడుగా నుండి, భార్యయగు హన్నాతో కలిసి అచటికి వచ్చిన నానాదేశపు సిపాయిల రక్తమును పరీక్షించెను. వారిలో మన దేశపు సిపాయిలును ఉండిరి. 1919 లో ప్రకటించిన ఆ లెక్కలలో పశ్చిమ ఐరోపావారియందు ‘ఏ’ హెచ్చుగాను, భారతీయులయందు ‘బీ’ హెచ్చుగాను, అనగా నూటికి సుమారు 41 పాళ్లుగాను కనబడెను. 1924 లో బెర్న్‌స్టైన్ అను గణితశాస్త్రజ్ఞుడు ఇట్టి జనసంఖ్యల లెక్కలనే తీసికొని, రెండు జతలున్నచో ఆ పాళ్లు పొసగవనియు, ఒకే స్థానమున మూడు విధముల జన్యువులున్నచో పొసగుననియు చూపెను. ఆయన గదిలో కూర్చుండి అంకెలు వేసి పాతమతమును త్రోసివేసెను! గణితము మాకెందుకని అడుగు విద్యార్థులకు ఈ సంగతిని ప్రత్యేకముగా చెప్పుచున్నాము.

బెర్న్‌స్టైన్ లెక్క ప్రకారము ‘ఏబీ’యొద్ద బోడిపిక్క లేదు గనుక అతనికి ‘ఓ’ బిడ్డ పుట్టరాదు. ఇద్దఱు ‘ఓ’లకు ‘ఓ’ తప్ప వేఱు పుట్టరాదు. ఇంతవఱకు వచ్చి, నియమము తెలిసినదిగదా యని మనమును తీర్పరులమై కూర్చుండవచ్చును. అది మామ్మగారి తప్పుకంటె పెద్దది. ఏలయన, ఆమె తెలియక అడిగినది. మనము సగము తెలిసి నిర్ణయింతుము. మొదట చీటి తప్పు కావచ్చును. పేరు మాఱుట, నమూనా మాఱుట, చూచినది ఒకటి వ్రాసినది ఒకటి యగుట కలదు. బడిగుఱుతు చీటిమీది యక్షరమును నమ్మి వంశమును నిర్ణయింపరాదు. మరల పరీక్ష చేయింపవలెను. ‘ఏ’, ‘బీ’ రెండును ఒకే క్రోమోసోముమీద కలిసి ప్రయాణము చేయు వంశములును అక్కడక్కడ కలవు. అట్టి ‘ఏబీ’ వానికి ‘ఓ’ బిడ్డ పుట్టవచ్చును. వీనికంటె విశేషమైనది మన దేశముననే బయటపడినది.

1952 వ సంవత్సరమున బొంబాయి నగరమందు భెండే, దేశపాండే, భాటియా అను వైద్యులు కొందఱి రక్తము ఎట్టి దాత రక్తముతోను పొసగకుండుట చూచిరి. పైచూపునకు అది ‘ఓ’. కాని ‘ఓ’ రక్తమును కలిపినను గడ్డకట్టెను. వారు లండను శాస్త్రజ్ఞులతో కలిసి పరిశోధించి, ఆ సంవత్సరమే ‘లాన్సెట్’ వైద్యపత్రికలో దీనిని ప్రకటించిరి. నాటినుండి దీనికి బొంబాయి రక్తవర్గమని లోకమంతట పేరు. కారణమిది: పైని చెప్పిన చక్కెర గొలుసును ముగించి సిద్ధపఱచుటకు ‘హెచ్’ అను వేఱొక జన్యువు కావలెను, అది పందొమ్మిదవ క్రోమోసోముమీద నున్నది. ఆ ‘హెచ్’ రెండు ప్రతులును చెడియున్నవానికి గొలుసు సిద్ధము కాదు. కొక్కెము లేని గోడకు చొక్కా తగిలించుట యెట్లు? వానియందు ‘ఏ’ జన్యువున్నను, ‘బీ’ జన్యువున్నను, వాటి యంత్రములు పనికి సిద్ధముగానే యున్నను, తగిలించుటకు చోటు లేదు. సామాన్య పరీక్షలో ‘ఓ’ అనియే తేలును.

ఇట్టివాని తండ్రి ‘ఏబీ’ కావచ్చును, తల్లి ‘బీ’ కావచ్చును; ఇద్దఱియందును చెడిన ‘హెచ్’ ఒక్కొక్కటి అణగి యుండి, రెండును బిడ్డకు వచ్చినచో చాలును. అంతేకాదు. ఆ బిడ్డ పెద్దవాడై సామాన్యపు ‘ఓ’ వర్గపు స్త్రీని వివాహమాడినచో, ఆమె మంచి ‘హెచ్’ను ఇచ్చును గనుక, వానియందు దాగిన ‘బీ’ బిడ్డలో మరల పైకి వచ్చును. కాగితమును చూచువానికి ఇద్దఱు ‘ఓ’లకు ‘బీ’ బిడ్డ! ఎంత గొప్ప నియమమున్నదో అంత గొప్ప అపవాదము ఆ తల్లిపై పడుటకు ఆ యొక్క కాగితమే చాలును. కాని రక్తనిధివారికి దీనిని పట్టుకొను మార్గములు కలవు. నిజమగు ‘ఓ’ వాని సీరము మఱియొక ‘ఓ’ వాని కణములను గడ్డకట్టింపదు. బొంబాయి వర్గపువాని సీరము గడ్డకట్టించును. గోర్స్ అను ముండ్లపొద విత్తనముల రసముతో చేయు పరీక్షయు కలదు. అది ‘ఓ’ కణములను గడ్డకట్టించును, బొంబాయి కణములను కట్టింపదు. ఈ వర్గమువారికి ఈ వర్గపు రక్తమే ఎక్కింపవలెను, ‘ఓ’ రక్తము ప్రాణాపాయము. మన దేశమున 10,000 మందిలో ఒకరికి ఉండునని సాధారణముగా చెప్పుదురు. అవసరము వచ్చినప్పుడు తోబుట్టువులను ముందు పరీక్షించుట తగును; ఏలయన వారిలో ఒక్కొక్కరికి నాలుగింట నొకపాలు అవకాశము కలదు.

ఇంత అరుదగు చెడు ‘హెచ్’ తండ్రియొద్దను తల్లియొద్దను ఒక్కసారి యుండుట ఎట్లు తటస్థించును? ఇచట మన తెలుగువారి మేనరికము మాట వచ్చును. మేనమామ మేనకోడలిని, మేనత్త కుమారుడు మేనమామ కుమార్తెను వివాహమాడుట మనలో చిరకాలపు ఆచారము. ఒకే అవ్వయందో తాతయందో యున్న అరుదగు పిక్క ఇరువైపులనుండి దిగివచ్చి మునిమనుమనియందు కలిసికొనుటకు ఇది దారి. లెక్కకు, మేనమామ మేనకోడలు దంపతులైనచో ఏదేనియొక జన్యుస్థానమున బిడ్డకు ఒకే పూర్వీకుని ప్రతి రెండుప్రక్కలనుండి వచ్చుటకు 8 లో 1 పాలు అవకాశము. మేనత్త మేనమామ బిడ్డలైనచో 16 లో 1 పాలు. పిఠాపురమున 1937 లో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావుగారు, కలకత్తాలో సుప్రసిద్ధ జన్యుశాస్త్రజ్ఞుడగు హాల్డేన్‌నకు శిష్యులై, మీరాఖాన్‌గారితో కలిసి ఆంధ్రదేశపు మేనరికములను గూర్చి 1960 లోనే పరిశోధన ప్రకటించిరి. ఇంగ్లండునందు పేరుపొందిన హాల్డేన్ 1957 లో మనదేశమునకు వచ్చి స్థిరపడి, 1964 లో భువనేశ్వరమున మరణించెను. మన యిండ్ల సంబంధములలో అంత గొప్ప శాస్త్రవిషయము కలదని మనకంటె ముందు ఆయనకు తోచుట ఆశ్చర్యము. మేనరికపు దంపతులలో హెచ్చుమందికి ఆరోగ్యవంతులగు బిడ్డలే కలుగుదురు. మేము ఎవరినిగాని భయపెట్టుట లేదు. తమ యింట అరుదగు రక్తదోషమున్నదని తెలిసినవారు మాత్రము సంబంధము కలుపుకొనకముందు వైద్యుని అడుగుట మంచిది.

ఆర్‌హెచ్ గుఱుతును గూర్చి తలిదండ్రులకు ఒకమాట. లాండ్‌స్టైనర్, వీనర్ అనువారు 1940 లో ప్రకటించిన ఈ గుఱుతు ఉన్నచో పాజిటివ్ అనియు, లేనిచో నెగటివ్ అనియు వ్రాయుదురు. ఇచటను ‘లేకపోవుట’యే అణగి ప్రయాణము చేయును, కావున ఇద్దఱు పాజిటివులకు నెగటివ్ బిడ్డ పుట్టుట వింత కాదు. వింత కానిది అపాయము లేనిది యని కాదు. తల్లి నెగటివ్, బిడ్డ పాజిటివ్ అయినప్పుడు, కాన్పు సమయమున బిడ్డ రక్తము కొంత తల్లిలో కలిసి, ఆమె శరీరము దానిని ఎదిరించుట నేర్చికొనును. మొదటి బిడ్డకు సామాన్యముగా హాని లేదు. తరువాతి పాజిటివ్ బిడ్డ గర్భముననే పాండురోగము పాలగును. పూర్వము ఒక బిడ్డ బ్రదికి తరువాతివారు వరుసగా పోయిన యిండ్లలో ఎన్నిటికి ఇది కారణమో! 1968 నుండి దీనికి నివారణగా సూదిమందు కలదు. కాన్పు జరిగిన 72 గంటలలోపల వేయవలెను, గర్భము ఏడవ నెలలో ఒకమాఱు వేయుటయు వాడుక. గర్భవతి రక్తవర్గమును మొదటి నెలలలోనే తెలిసికొనుమనుట ఇందుకే.

మన గ్రామములకు ఎగువనున్న మన్యము ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది; 2022 లో మనది అనకాపల్లి జిల్లా అయినప్పుడే అదియు ఏర్పడెను. అచటినుండి మన బడికి వచ్చు పిల్లల చేతులలో వేఱొక చీటి కనబడవచ్చును. అది కొడవలి కణవ్యాధి పరీక్షాచీటి. 2023 జూలై 1 వ తేదీన ప్రభుత్వము ఆరంభించిన జాతీయకార్యక్రమము క్రింద, గిరిజనులున్న జిల్లాలలో నలువది యేండ్లలోపువారిని ఏడు కోట్లమందిని పరీక్షించి, 2047 నాటికి ఈ వ్యాధిని తొలగింపవలెనని సంకల్పము. ఇది రక్తవర్గము కాదు, ఎఱ్ఱకణములోని హీమోగ్లోబిన్ దోషము. కాని చింతపిక్కల లెక్క ఒకటే. దోషపు పిక్క ఒక్కటి మాత్రమున్నవాడు వాహకుడు. అతనికి సామాన్యముగా రోగము లేదు. పైగా ప్రాణాంతకమగు మలేరియానుండి కొంత రక్షణ కలదని 1954 లో అల్లిసన్ చూపెను. మన్యపు చలిజ్వరమును ఎఱిగిన మనకు, ఆ పిక్క ఆ కొండలలో ఎందుకు నిలిచినదో వేఱుగా చెప్పనక్కఱలేదు. వాహకులిద్దఱు దంపతులైనచో ప్రతి బిడ్డకును నాలుగింట నొకపాలు వ్యాధి వచ్చు అవకాశము కలదు. వ్యాధి గల బిడ్డకు ఒంటినొప్పులు, రక్తహీనత, మాటిమాటికి జ్వరము. వాహకుడని వ్రాసిన చీటిని చూచి తోడిపిల్లలు ఎవరినైన ఎగతాళి చేసినట్లు వినబడినచో, మేము ఈ పాఠమును వారిచేత నూఱుమాఱులు పిక్కలు తీయించి చెప్పుదుము.

ఆ బాలిక సోమవారమున బడికి వచ్చెను. మేము ఇండ్ల వర్గములు తెప్పించుట మానివేసి, కల్పించిన కుటుంబములతోనే లెక్కలు చేయించుచున్నాము. ఆమె మాత్రము తన యింటి పట్టికనే పూర్తిచేసి చూపుదునని పట్టుపట్టెను. పురుషులకు చతురస్రములు, స్త్రీలకు వలయములు గీసి, మూడు తరములు దిద్దెను. మొదట వ్రాసినదానిలో తన వలయము లేదేమని మామ్మగారు అడిగెనట. ఇప్పుడు పైవరుసలో ఆమె వలయము కలదు. లోపల రెండు బోడిపిక్కలు గీయబడి యున్నవి.

చదువరులు చేయుటకు ఒక లెక్క: తండ్రి ‘ఏబీ’, తల్లి ‘ఓ’. వారి కుమార్తె ‘బీ’ వర్గపు పురుషుని వివాహమాడగా మొదటి బిడ్డ ‘ఓ’ అయ్యెను. బొంబాయి వర్గము ఆ వంశమున లేదు. కుమార్తె వర్గము ఏది కావచ్చును? ఆమె భర్తయొద్ద నున్న రెండు పిక్కలేవి? రెండవ బిడ్డ ‘ఏబీ’ అయినచో కుమార్తెను గూర్చి ఇంకను ఏమి తెలియును? తెలిసినది తెలిసినంతవఱకే వ్రాసి, ఎనిమిదవ తరగతి మొదలు ఎవరైనను మాకు చూపవచ్చును.